అద్దమున్న కెమెరా

డ్రైవరు కెమెరా కొనుక్కుని, జబ్బుపడ్డ స్నేహితుణ్ణి మంచానికి వదిలేసి, తనొక్కడే ఊళ్ళు చూడ్డానికి చెక్కేస్తున్నాడని వీధంతా ఒకటే గుసగుస. ఆ మాట పుట్టింది మిషను కుట్టే ఆవిడ కిటికీ దగ్గర. ఆవిడ చెడ్డమనిషేం కాదు. చేతులకి పనున్నంతసేపూ నోటికి కూడా పనుండాలంటుంది, అంతే.

ఒకరోజు డ్రైవరు మందపాటి గుడ్డముక్క పట్టుకెళ్ళి, "లోపల దూది పెట్టి సంచీ ఒకటి కుట్టమ్మా. ఇంత ఎత్తు, ఇంత వెడల్పు, ముందువైపు ముక్కులాగా ఇంత పొడుగు" అని చేతులతో కొలత చూపించాడు. ముక్కున్న సంచీ ఏమిటా అని ఆవిడ రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంది. మూడోనాడు సాయంత్రం ఎదురింట్లోకి చూస్తే ఏముంది? డ్రైవరు మెడలో నల్లటి కెమెరా వేలాడేసుకుని, మంచం మీద కూర్చుని, అందులోంచి గోడకేసి చూస్తున్నాడు. ఇంకేం కావాలి? ఆ మాట కుళాయి దగ్గరికొచ్చేసరికి టిక్కెట్లు తీయించాడన్నారు. మందుల షాపు దగ్గరికొచ్చేసరికి పెట్టె కూడా సర్దేశాడన్నారు.

కెమెరా కొన్నమాట నిజం. తక్కినదంతా ఎవరి నోట్లో పుట్టింది వాళ్ళు కలిపిందే. అది ఎలా కొన్నాడో తెలిస్తే ఇంత మాట అనేవాళ్ళు కాదు.

ఆ డ్రైవరూ, ఆ కండక్టరూ ముప్పై ఒక్కేళ్ళు కలిసి, ఒకే రూటులో పనిచేశారు. బస్సులు మారాయి, డిపో మేనేజర్లు మారారు, ఈ జంట మాత్రం మారలేదు. కండక్టరు తాడు లాగితే డ్రైవరు నెత్తిమీద గంట మోగేది. ఒకసారి మోగితే ఆపాలి. రెండుసార్లు మోగితే పోనివ్వాలి. డ్రైవరుకి అది ఎముకల్లోకి దిగిపోయింది. రిటైరయ్యాక కూడా అంతే. వాళ్ళావిడ గరిటెతో గిన్నె మీద రెండుసార్లు టంగుటంగుమనిపిస్తేగాని భోజనానికి లేచేవాడు కాదు. "మొగుణ్ణి కాదమ్మా, బస్సుని కట్టుకున్నాను" అని ఆవిడ అందరితో చెప్పుకుని నవ్వేది.

ఆ అలవాటు వెనకాల ఒక దెబ్బ ఉంది. ఉద్యోగంలో చేరిన ఏడో ఏట, ఒక స్టాపులో పక్కనుంచి పోయే సైకిలు రెండుసార్లు గంట కొట్టింది. డ్రైవరు అది కండక్టరు కొట్టిందే అనుకుని బండి కదిలించాడు. ఒక ముసలాయన ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి ఉన్నాడు. పడి మోకాలు చిట్లింది. డ్రైవరు ఉద్యోగం ఊడే పరిస్థితి. డిపోలో అడిగినప్పుడు కండక్టరు తొణక్కుండా, "గంట నేనే కొట్టానండి, చూసుకోలేదు" అన్నాడు. నెల రోజులు సస్పెండు చేశారు అతన్ని. బయటికొచ్చాక డ్రైవరు కన్నీళ్ళు పెట్టుకుంటే, "ఏడవకురా స్టీరింగూ. ఈసారినించి నా గంటేదో, ఊళ్ళోవాళ్ళ గంటేదో తెలుసుకుని చావు" అన్నాడట. డ్రైవరుని అతను పిలిచే పేరు స్టీరింగు.

ఆ రోజునుంచి డ్రైవరు ఆ గంట తప్ప ఇంకో మాట వినలేదు.

వాళ్ళ ప్రయాణం సంగతి కూడా ఆ బస్సులోనే పుట్టింది. ముప్పై ఒక్కేళ్ళూ డ్రైవరు ముందుకే చూశాడు. రూటులో ఎడమవైపు ఒక కొండ ఉందని అందరూ అంటారు, అతనికి దాని అంచు మాత్రమే తెలుసు. కండక్టరేమో మనుషుల మొహాలూ చేతులూ తప్ప కిటికీ బయట ఏముందో చూసి ఎరగడు. రిటైరయ్యాక ఇద్దరూ బస్సుల్లోనే, నలభై రెండు రోజులు, కిటికీ పక్క సీట్లలో కూర్చుని తిరగాలని పథకం. బండి ఎవడో తోలతాడు, టిక్కెట్లు ఎవడో కొడతాడు. వీళ్ళు పక్కకి చూస్తూ కూర్చోవడమే. కండక్టరు ఒక పాత నోటుబుక్కులో ఏ ఊరినుంచి ఏ ఊరికి ఎన్నింటికి బస్సో అంతా రాసిపెట్టాడు.

"ఫోన్లో తీసిన ఫొటో ఎవడూ రెండోసారి చూడడు. కంటికి ఆనించుకుని తీసే పెద్ద కెమెరా కావాలి. నువ్వు తియ్యి, నేను ఏ ఊరో రాస్తాను" అన్నాడు కండక్టరు. కెమెరా ఎంచే పని డ్రైవరు మీద పడింది.

రిటైరైన నాలుగో నెలలో కండక్టరు కాళ్ళు వాచాయి. రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. మంగళ, గురు, శనివారాలు ఆసుపత్రిలో నాలుగేసి గంటలు యంత్రం పక్కన కూర్చుంటే అది రక్తం తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపుతుంది. రోజు మొత్తానికి తాగాల్సిన నీళ్ళు ఒక చిన్న సీసాడే. ప్రయాణం మాటెత్తితే డాక్టరు కళ్ళజోడు తీసి, "నలభై రెండు రోజులా? బస్సుల్లోనా?" అన్నాడు.

అయినా వెళ్ళలేమని వాళ్ళిద్దరిలో ఎవరూ అనలేదు. "ముందు కెమెరా తేలనీ. తేదీ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు కండక్టరు.

అలా మొదలైంది. సోమవారం సోమవారం డ్రైవరు బజారులో కెమెరా కొట్టుకి వెళ్ళడం, మంగళవారం యంత్రం పక్కన కూర్చుని చూసిందంతా కండక్టరుకి చెప్పడం. కొట్టు నడిపేది ఒక నడివయసు ఆవిడ. కళ్ళజోడు ఎప్పుడూ నెత్తిమీదే ఉంటుంది, ఎప్పుడూ వెతుక్కుంటూనే ఉంటుంది. మొదటిరోజే చెప్పింది.

"ఇప్పుడన్నీ అద్దం లేని కెమెరాలు బాబాయిగారూ. తేలిక. అందరూ అవే తీసుకుంటున్నారు."

"అద్దమా? కెమెరాలో అద్దమెందుకమ్మా?"

ఆవిడ ఒకదాని ముందు గొట్టం ఊడదీసి చూపించింది. లోపల తపాలాబిళ్ళంత అద్దం ఏటవాలుగా నిలబడి ఉంది. ఎదర ఉన్నది ఆ అద్దం మీద పడి పైకెళ్ళి కంటికి కనిపిస్తుంది, మీట నొక్కగానే అద్దం పైకి లేచి దారిస్తుంది, అదీ దాని పని. డ్రైవరు వెనకవైపున్న చిన్న కన్నానికి కన్ను ఆనించి, ఉలిక్కిపడి తల వెనక్కి తీశాడు.

"ఇది బొమ్మ కాదే! ఉన్నదున్నట్టు కనిపిస్తోంది!"

"అదే మరి. అద్దం లేనివాటిలో చిన్న తెర ఉంటుంది."

"అద్దం లేని బండి నేను నడపనమ్మా. నాకు ఇందులోవే చూపించు."

మంగళవారం ఆ మాట విని కండక్టరు యంత్రం గొట్టాలు కదిలేలా నవ్వాడు. నర్సు వచ్చి కసిరింది.

అద్దమున్నవి ఆ కొట్టులో ఏడు రకాలున్నాయి. కండక్టరు నోటుబుక్కు చివరి పేజీలో ఏడూ వరసగా రాయించుకుని, వారానికొకదాన్ని పట్టుకుని లాయరులా వాదించేవాడు. ఒకటి బరువు ఎక్కువన్నాడు. "అది కెమెరానా, స్టెప్నీనా? మెడకి తగిలించుకుంటే నువ్వు ముందుకి పడతావు." ఇంకొకటి చేతికి పట్టు చిన్నదట. మరొకదానికి గొట్టం విడిగా కొనాలట. "ఇంజను వేరే, చక్రాలు వేరే అమ్ముతారా?"

ఒకదాని గురించి డ్రైవరే ఫిర్యాదు తెచ్చాడు. "ఒరే, దాని కన్నంలోంచి నూటికి తొంభై అయిదు వంతులే కనిపిస్తుందట. అంచున ఉన్నది మనకి కనిపించదు, ఫొటోలో మాత్రం పడుతుంది."

"అయిదు వంతులేగా, పోనీలేరా."

"ఏం పోనీ? సైకిలువాడు దూరేది ఆ అయిదు వంతుల్లోనే!"

కండక్టరు గంభీరంగా కలం తీసి దాన్ని కొట్టేశాడు. కొట్టేయడానికి అతనికి ఏదో ఒక వంక దొరికితే చాలు. వంక చెప్పడానికి డ్రైవరుకీ తొందర లేదు. ఏడింటినీ చూడ్డం అయిపోతే మళ్ళీ మొదటినుంచి చూసేవాడు. కొట్టేసిన వాటిని కండక్టరు పునర్విచారణకి పిలిచేవాడు. అలా తొమ్మిది నెలలు లాగారు. ఆ నాలుగు గంటలు ఎలా గడిచేవో తెలిసేది కాదు. కెమెరా తేలిపోతే ఇక మిగిలేది తేదీ. తేదీ ఎక్కడుంది? ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసే, ఎంచుతూ కూర్చున్నారు.

ఏడింటిలో ఒకటి మాత్రం ఇద్దరి మనసులోనూ ఉండిపోయింది. దాని మీట నొక్కితే టకామని మోగే చప్పుడు అచ్చం టిక్కెట్టుకి పంచ్ కొట్టినట్టే ఉండేది. డ్రైవరు కొట్టులోంచి ఫోను చేసి, దాని దగ్గర పెట్టి నొక్కితే, అవతల కండక్టరు "మళ్ళీ నొక్కు" అన్నాడు. నాలుగుసార్లు నొక్కించుకున్నాడు. ఆ తర్వాత దాని వరస ఎప్పుడొచ్చినా, "దాన్ని చివర చూద్దాంలే" అనేవాడు.

ఇక ఆ సోమవారం సంగతి.

కెమెరా కొట్టు తలుపుకి స్ప్రింగుతో ఒక చిన్న గంట కట్టి ఉంది. తలుపు తీసినప్పుడల్లా ఒకసారి మోగుతుంది. తొమ్మిది నెలలూ అది మోగినప్పుడల్లా డ్రైవరు చేతిలో ఉన్న కెమెరాని బల్ల మీద పెట్టేసేవాడు. ఎందుకు పెడుతున్నాడో అతనికీ తెలియదు, కొట్టావిడకీ తెలియదు. ఆవిడ మర్యాద అనుకుంది. ఆ రోజు అతని చేతిలో ఉన్నది టకామనే కెమెరా. ఆవిడ విసుగుతో కాదు, ఊరికే, వందోసారి అడిగింది.

"ఇది ఇచ్చేయమంటారా బాబాయిగారూ?"

అప్పుడే ఎవరో తల్లి పిల్లబండి తోసుకుంటూ లోపలికొచ్చింది. బండి చక్రం గడపకి తట్టుకుంది, తలుపు ఒకసారి వెనక్కి కొట్టి మళ్ళీ తెరుచుకుంది. గంట మోగింది. వెంటనే ఇంకోసారి మోగింది.

డ్రైవరు ఎడమకాలు నేలమీద క్లచ్చు తొక్కింది. నోరు "పోనిద్దాం" అంది.

కొట్టావిడ ఆనందంతో కళ్ళజోడు దించి ముక్కుమీద పెట్టుకుంది. పెట్టెలో సర్దింది, బిల్లు రాసింది, గ్యారంటీ కాగితం మీద ముద్ర కొట్టింది, ఆవిడ చూపించినచోట డ్రైవరు సంతకం చేశాడు. అదంతా ఎవరో చేస్తుంటే చూస్తున్నట్టుంది అతనికి. రోడ్డు మీదికొచ్చి పది అడుగులు వేశాక, చేతిలో సంచీ బరువుకి మెలకువొచ్చింది. తిరిగిచ్చేద్దామని వెనక్కి తిరిగాడు. వెనక్కి తిరిగాడన్నది మాత్రం ఈ వీధిలో ఎవరికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. కండక్టరు భార్య.

"అన్నయ్యా, ఊపిరాడట్లేదు ఆయనకి. ఆసుపత్రికి తీసుకొచ్చాం. మీరు తొందరగా రండి."

పెట్టెతోనే పరుగెత్తాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. మొహానికి తొడుగు పెట్టారు. ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ కెమెరా పెట్టె కండక్టరు మంచం కిందే, తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. డ్రైవరు పక్కన స్టూలు మీద కూర్చుని, పగలు మూడొంతులు యంత్రం మీద అంకెల్నే చూశాడు. దాహమేసినా కండక్టరు ముందు నీళ్ళు తాగేవాడు కాదు, వరండాలోకి వెళ్ళి తాగొచ్చేవాడు.

ఏడోరోజు పొద్దున్న తొడుగు తీశారు. కండక్టరు ఎండిపోయిన పెదాలు తడుపుకుని, మొట్టమొదట అడిగిన మాట:

"సోమవారం ఏం చూశావురా?"

డ్రైవరు నోట్లోంచి, "ఏం చూడలేదురా. ఏదీ నచ్చలేదు" అని వచ్చేసింది.

"మంచిది" అన్నాడు కండక్టరు. కళ్ళు మూసుకుని నవ్వాడు. "నెమ్మదిగా చూడు. తొందరేముంది?"

ఆ 'మంచిది' అన్నమాటే డ్రైవరు పీకకి చుట్టుకుంది.

కండక్టరు ఇంటికెళ్ళిన మర్నాడు డ్రైవరు పెట్టె పట్టుకుని కొట్టుకి వెళ్ళాడు. కొట్టావిడ బిల్లు మీద తేదీ చూసి నొచ్చుకుంది.

"ఏడు రోజుల్లోపు అయితే కళ్ళు మూసుకుని తీసుకునేదాన్ని బాబాయిగారూ. నిన్నటితో అయిపోయింది. కంపెనీవాళ్ళు ఒప్పుకోరు. అసలు ఏం నచ్చలేదు మీకు?"

డ్రైవరు ఏం చెబుతాడు? దానిలో తప్పేమీ లేదు. పట్టు చేతికి సరిపోయింది, బరువు మెడకి సరిపోయింది, చప్పుడు చెవికి సరిపోయింది. "నచ్చిందమ్మా. అదే వచ్చిన చిక్కు" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. టీ తెప్పించింది. అతను తాగకుండా చల్లార్చి లేచి వచ్చేశాడు.

వాళ్ళావిడ ఊరుకుంటుందా?

"కొన్నానని చెప్పెయ్యొచ్చు కదా? దొంగతనం చేశారా ఏమన్నా?"

"చెప్తే, సరే ఎప్పుడు బయల్దేరదాం అంటాడే."

"అంటే?"

"అంటే ఏం చెప్పను? నువ్వు చెప్పు."

ఆవిడ గరిటె అక్కడ పెట్టి వెళ్ళి పక్కగదిలో కూర్చుంది. ఆ పూట గిన్నె మీద ఎవరూ కొట్టలేదు. ఇద్దరూ తినలేదు.

అప్పటినుంచి డ్రైవరు బతుకు కక్కలేక మింగలేక అయిపోయింది. సోమవారం యథాప్రకారం కొట్టుకి వెళ్ళేవాడు. కొన్నవాడు మళ్ళీ ఎందుకొస్తున్నాడో తెలియకపోయినా కొట్టావిడ తక్కిన ఆరూ వరసగా తీసి బల్ల మీద పెట్టేది. వాటిని తిప్పి తిప్పి చూసి, మంగళవారం వెళ్ళి చెప్పేవాడు. కాని చెప్పడంలో రుచి పోయింది. వంకలు కొత్తవి తట్టడంలేదు. పైగా అద్దమున్నవి కంపెనీలు తగ్గించేశాయట, ఆరు కాస్తా నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. కొత్తవి వస్తాయామ్మా అంటే కొట్టావిడ తల అడ్డంగా ఊపింది. కండక్టరు పునర్విచారణ అనడం మానేశాడు. అమ్ముడుపోయినవాటిని మారుమాటాడకుండా కొట్టేస్తున్నాడు.

ఇంట్లో కెమెరా అల్మారా మీద కూర్చుంది. దుమ్ము పడుతుందని ముక్కున్న సంచీ కుట్టించాడు. కొన్ని సాయంత్రాలు తీసి మెడలో వేసుకునేవాడు. మీట మాత్రం నొక్కేవాడు కాదు. మొదటి ఫొటో తీస్తే ప్రయాణం మొదలైపోయినట్టే. మొదలైతే పక్కన కండక్టరు ఉండాలి. కిటికీవైపు తిప్పితే వీధి కనిపిస్తుంది, తీయబుద్ధవుతుంది. అందుకని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. మిషను కుట్టే ఆవిడ చూసింది ఆ గోడని చూసే మనిషినే.

ఆ తర్వాత కండక్టరు భార్య దిండ్లకి గలేబులు కుట్టించుకోడానికి వచ్చింది. మిషనావిడ నోట్లో నువ్వుగింజ నానుతుందా? "మీ అన్నయ్యగారు బయల్దేరుతున్నారటగా? మీవారికి చెప్పే వెళ్తున్నారా?" అంది. కండక్టరు భార్య గలేబులు అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయింది. మిషనావిడ అప్పుడు సూదిలో దారం ఎక్కించబోతే మూడుసార్లు తప్పిపోయిందని చెప్పుకోవాలి. అన్న తర్వాత ఆ మాట ఎక్కడ తగిలిందో ఆవిడకీ తెలిసింది.

శనివారం డ్రైవరు ఆసుపత్రికి వెళ్ళేసరికి కండక్టరు అప్పటికే కుర్చీలో వాలి ఉన్నాడు. ఎడమచేతికి రెండు సూదులు, రెండు ఎర్రటి గొట్టాలు. యంత్రం చక్రం నెమ్మదిగా తిరుగుతోంది. అతని నీళ్ళసీసాలో రెండు గుక్కలు మిగిలాయి. ఒళ్ళో నోటుబుక్కు, చివరి పేజీ.

"రారా స్టీరింగూ. కూర్చో. ఏమిటి, మొహం పంచరైంది?"

"ఎండ."

"ఎండలేదు బయట. ఇదిగో చూడు, ఆరూ కొట్టేశాను. ఒకటే మిగిలింది. పంచ్ కొట్టినట్టు మోగేది. దీని మీద నువ్వేమీ చెప్పట్లేదు ఈమధ్య. ఉందా కొట్టులో, అమ్ముడుపోయిందా?"

డ్రైవరు గొట్టంలో రక్తం పైకెళ్ళడం చూస్తున్నాడు.

"మా ఆవిడ ఏదో విని వచ్చింది. నువ్వొక్కడివే వెళ్తున్నావట." కండక్టరు నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా డ్రైవరు అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. "ఆ మాట నమ్మడానికి నేనేం వెర్రివాణ్ణి కాదులే. నా గంట లేకుండా నువ్వు స్నానానికి కూడా లేవవు. కాని ముక్కున్న సంచీ కుట్టించావట. అది మాత్రం అబద్ధం కాదనిపించింది."

నర్సు వచ్చి అంకెలు రాసుకుని వెళ్ళింది. కండక్టరు కలం మూత తీసి, ఆఖరి పేరు మీద పెట్టాడు. గీత గీయలేదు. తల తిప్పి, ముప్పై ఒక్కేళ్ళు వెనకనుంచి మాత్రమే చూసిన ఆ మనిషిని తిన్నగా ఎదురుగా చూశాడు.

"దాచకురా. కొనేశావా?"

డ్రైవరు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. స్టీరింగు లేని చేతులు, ఎక్కడ పెట్టాలో తెలియలేదు వాటికి. తల ఎత్తలేకపోయాడు.

"గంట రెండుసార్లు మోగిందిరా" అన్నాడు. "నువ్వే కొట్టావనుకున్నాను."